పాటల నడుమ మాట: గద్దర్ ధ్వనిముద్రిత ప్రదర్శనల్లో వాచికం, గోదావరిఖని శ్రోత

వ్యాససంగ్రహం

గద్దర్ (గుమ్మడి విఠల్‌రావు, 1949–2023) కృషిపై వచ్చిన పరిశీలనల్లో అధికభాగం ఆయనను పాటకవిగా, గాయకునిగా చూసినవే. రంగస్థలం మీదా, క్యాసెట్లలోనూ పాటకు ముందు, పాట నడుమ, పల్లవి మలుపులో ఆయన పలికిన వచనం అచ్చు పాఠాల్లోకి రాలేదు. అందువల్ల విమర్శలోకీ రాలేదు. ఆ వచనం పాటకు పీఠిక కాదనీ, అది నటుని వాచికమనీ, కథాగాన సంప్రదాయం నుంచి వచ్చిన నిర్మాణభాగమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. రామగుండం–గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంత శ్రోతను దృష్టిలో ఉంచుకొని ఈ పరిశీలన సాగుతుంది.

కీలకపదాలు: గద్దర్, జననాట్యమండలి, వాచికం, కాకువు, ఒగ్గుకథ, క్యాసెట్టు, సింగరేణి, గోదావరిఖని.

1. సమస్య ఎక్కడ ఉంది?

బిరుదురాజు రామరాజు సిద్ధాంతగ్రంథం 1958లో ‘తెలుగు జానపద గేయసాహిత్యము’ పేరుతో వెలువడింది. తెలుగు జానపద పరిశోధనకు అది పునాది. ఆ పునాది పేరులోనే ‘గేయం’ ఉంది. తరువాతి తరాల పరిశోధకులు ఊళ్లు తిరిగి సేకరించినదీ, వర్గీకరించినదీ, ఛందస్సు చూసినదీ ఎక్కువగా గేయాన్నే. పాడే మనిషి పాట ఆపి రెండు మాటలు చెప్పినప్పుడు సేకర్త కలం కూడా ఆగింది. ప్రజాఉద్యమ సాహిత్యాన్ని పరిశీలించినవారికీ ఈ అలవాటే సంక్రమించింది. గద్దర్ పాటలను రైతుపాటలు, కూలిపాటలు, స్త్రీల పాటలు, అమరుల పాటలు అని వస్తువు ప్రకారం విభజించడం సులువు. విభజించిన తరువాత చేతిలో మిగిలేది పల్లవీ చరణాలే. ఆయన ప్రదర్శన విన్న ఏ శ్రోతకైనా ఆ కాగితం వెలితిగా తోస్తుంది. ఆ వెలితిని ‘ప్రదర్శన మహిమ’ అన్న ఒక్క మాటతో దాటవేయడం విమర్శకు తగదు. పోయినదేమిటో చెప్పవచ్చు: పోయినది ప్రధానంగా మాట.

2. రికార్డు మీద కవిత్వం

కవిత్వాన్ని నటుడు చదివి రికార్డు చేయడం కొన్ని దేశాల్లో స్థిరపడిన కళ. టర్కీలో గెన్‌జో ఎర్కాల్ (1938–2024) ఇందుకు ఉదాహరణ. 1969లో దోస్త్‌లార్ నాటకసంస్థను స్థాపించిన ఈ నటుడు సినిమాల్లోనూ నటించాడు. అయినా నాజిమ్ హిక్మెత్ కవిత్వానికి గొంతుగానే ఎక్కువమందికి తెలుసు. హిక్మెత్ పౌరసత్వాన్ని 1951లో ప్రభుత్వం రద్దు చేసింది. 1963లో ఆయన మాస్కోలో మరణించాడు. స్వదేశానికి రాలేని కవి మాట నటుని గొంతులో తిరిగివచ్చింది. 2001లో ఫజిల్ సాయ్ కూర్చిన నాజిమ్ ఒరటోరియోలోనూ కవితలు చదివినది ఎర్కాలే. అక్కడ కవి వేరు, గొంతు వేరు. కవిత పాటగా మారకుండానే రంగస్థలానికి చేరింది.

తెలుగులో దారి ఇలా సాగలేదు. మన పద్యం రాగంలో బతికింది. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఇంటింటికీ చేరింది ఘంటసాల రికార్డుతోనే. అయితే ఆ రికార్డును శ్రద్ధగా వింటే, పద్యాలకు ముందు, నడుమ ఘంటసాల గద్యం పలకడం వినిపిస్తుంది. పూలతోటకు వెళ్లిన మనిషి స్థితినీ, మాట్లాడబోయే పువ్వు ముఖకవళికనూ ఆ గద్యమే చెబుతుంది; తరువాతి పద్యం ఆ పువ్వు నోటిమాట అవుతుంది. రాగం గురించి ఎన్నో వ్యాసాలు వచ్చిన ఆ రికార్డులో నాటకీయతను మోస్తున్నది ఆ కొద్దిపాటి వచనమే. ఇక రాగం లేని పఠనానికి ప్రసిద్ధమైన ఉదాహరణ శ్రీశ్రీది. 1981లో లండన్ నుంచి గూటాల కృష్ణమూర్తి ‘మహాప్రస్థానం’ను కవి స్వదస్తూరితో, కవి గొంతు క్యాసెట్టుతో సహా ప్రచురించారు. అది కవి తన కవితను తానే చదవడం. నటుని పఠనం కాదు.

78 తిరుగుళ్ల రికార్డులో ఒక వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది. అంత చోటులో మాటకు దక్కేది ఒకటి రెండు వాక్యాలే. క్యాసెట్టు ఒక వైపే అరగంట ఇచ్చింది. పీటర్ మాన్యుయెల్ ‘క్యాసెట్ కల్చర్’ (1993) ఉత్తరభారతాన్ని ఆధారం చేసుకొని, ఈ చవకైన సాధనం పెద్ద కంపెనీల గుత్తాధిపత్యాన్ని సడలించిన తీరును వివరించింది. తెలంగాణకు సంబంధించి దీనికి మరొకటి చేర్చాలి: క్యాసెట్టు పాటగాడికి మాట్లాడే తీరిక ఇచ్చింది.

3. కథ ‘చెప్పడం’

ఒగ్గుకథను ‘పాడతారు’ అని ఎవరూ అనరు, ‘చెబుతారు’ అంటారు. బుర్రకథ కూడా చెప్పేదే. రెండింటిలోనూ పాట పాలు తక్కువేమీ కాదు. అయినా క్రియ ‘చెప్పు’ కావడం ఈ కళల ఆత్మను పట్టి ఇస్తుంది. కరీంనగర్ జిల్లాలో హనుమాజీపేట మిద్దె రాములు వంటి ఒగ్గు కళాకారులు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పిన పద్ధతిలో పాట ఒక స్థాయికి చేరి ఆగుతుంది. ప్రధాన కథకుడు మాటలోకి దిగుతాడు. పక్కవాడు ప్రశ్న వేస్తాడు, ఊ కొడతాడు, ఎగతాళి చేస్తాడు. డోలు దెబ్బతో మళ్లీ పాట అందుకుంటుంది. బుర్రకథలో ఈ పని రాజకీయ వంత, హాస్య వంతల మధ్య పంపకమైంది. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు షేక్ నాజర్ చేతిలో ఈ పంపకం రాజకీయ వ్యాఖ్యకు వీలైన చోటుగా మారింది.

గద్దర్ ఈ దారిలోనే వచ్చారు. తొలిదశలో ఆయన బుర్రకథ కళాకారుడు. బి. నర్సింగరావు ఆర్ట్ లవర్స్ సంస్థతో పరిచయం, 1972లో ఏర్పడిన జననాట్యమండలి ఆయన కళను వేరే దిశకు మళ్లించాయి. గొంగడి, కర్ర, గజ్జెలు, డప్పు, ఇద్దరు ముగ్గురు వంతలతో రూపొందిన ఆ ప్రదర్శనలో తంబుర పోయింది, కథ పోయింది. కథాగానపు అస్థిపంజరం మిగిలింది. పురాణకథ స్థానంలోకి చిన్న చిన్న జీవితాలు వచ్చాయి. ఒక కూలితల్లి, ఒక రిక్షాకార్మికుడు, ఒక జీతగాడు. ఆ జీవితాలను శ్రోతకు పరిచయం చేసేది వచనం. వారి దుఃఖాన్నీ కోపాన్నీ ఎత్తుకునేది పాట. వచనాన్ని తీసివేస్తే పాట ఎవరిదో తెలియని పాటవుతుంది.

దీనికి రుజువు సినిమాలోనే ఉంది. గౌతమ్ ఘోష్ ‘మా భూమి’ (1979)లో గద్దర్ తెరమీద కనిపించి, సాయుధ పోరాటకాలంలో బండి యాదగిరి కట్టిన పాటను పాడారు. అక్కడ ఆయన మాట్లాడనవసరం లేకపోయింది. కారణం స్పష్టం: దొర ఎవరో, గడీ ఏమిటో, పాడుతున్నవారు ఎవరిని నిలదీస్తున్నారో సినిమా అంతకుముందే చూపించింది. వచనం చేయవలసిన పనిని దృశ్యకథనం చేసింది. అదే పాటను సభలో పాడినప్పుడు గడీని శ్రోత కళ్ల ముందు నిలపవలసింది పాటగాడే. ఒకే మనిషి, ఒకే పాట. మాధ్యమం మారగానే మాట అవసరం మారింది. గద్దర్ నటజీవితంలో సినిమా పాలు చిన్నది. ఈ పోలికకు మాత్రం దాని విలువ పెద్దది.

4. కాకువు

భరతుడు వాచికాభినయంలో కాకువును, అంటే అర్థాన్ని మలిచే స్వరభేదాన్ని, విస్తారంగా చర్చించాడు. గద్దర్ వచనాన్ని వివరించడానికి ఈ పరిభాష పనికివస్తుంది, ఒక తిరకాసుతో. నాట్యశాస్త్రం ఉత్తమ పురుషపాత్రలకు సంస్కృతాన్ని, స్త్రీలకూ సేవకులకూ ప్రాకృతాలను కేటాయించింది. గద్దర్ ప్రదర్శనలో ఈ పంపకం తలకిందులైంది. కథనభాష తెలంగాణ మాండలికం. అదే ప్రమాణం, అదే తూకం. దొర, పట్వారీ, పోలీసు అధికారి వచ్చినప్పుడే గొంతు బిగుసుకుంటుంది, భాష వేషం వేస్తుంది. అనుకరణకు గురయ్యేది అధికారపు భాష; మామూలు భాష మాండలికమే.

రెండో లక్షణం సంబోధన. ఆయన వచనం శూన్యంలోకి పోదు. అమ్మా, అక్కా, అన్నా, తమ్మీ అని ఎవరినో పిలుస్తుంది, పిలిచి ఆగుతుంది. ఆ విరామంలో వంత ‘ఊ’ అంటుంది, డప్పు ఒక దెబ్బ వేస్తుంది, సభ కదులుతుంది. ముద్రిత పాఠంలో ఈ విరామానికి గుర్తు లేదు. మూడోది లయ. వచనం మాటగా మొదలై, వాక్యాలు కుదించుకుపోయి, ఒకే పదం రెండు మూడుసార్లు తిరిగి, తెలియకుండానే పల్లవి ఎత్తుగడలో కలుస్తుంది. ఎక్కడ మాట ముగిసి పాట మొదలైందో గీత గీయడం కష్టం. సంకలనకర్త మాత్రం తప్పనిసరిగా అక్కడే గీత గీస్తాడు.

ఇది దోషం లేని కళ కాదు. 1990లో అజ్ఞాతవాసం నుంచి బయటికి వచ్చి హైదరాబాద్ నిజాం కళాశాల మైదానంలో అశేషజనం ముందు పాడిన నాటి నుంచి ఆయన సభ పరిమాణం మారింది. వేలమందిని ఉద్దేశించిన వచనంలో పాత్రలు తగ్గి ఉపన్యాసం పెరగడం సహజం. చివరి దశాబ్దపు ప్రదర్శనల్లో పాట కొన్నిచోట్ల ఉపన్యాసానికి ఊతకర్ర అయింది; తొలి క్యాసెట్లలో ఒక తల్లి గొంతు, ఒక పిల్లవాడి గొంతు విడివిడిగా వినిపించే నైపుణ్యం అక్కడ పలచబడింది. అభిమానం అడ్డురాకుండా ఈ తేడాను నమోదు చేయవలసి ఉంది.

5. బొగ్గుబాయి శ్రోత

సింగరేణి కాలరీస్ కంపెనీ 1920లో ఏర్పడింది. ఇల్లెందు పక్కన సింగరేణి గ్రామం పేరుతో మొదలైన ఈ సంస్థ గోదావరి తీరం వెంట ఉత్తరానికి విస్తరించి రామగుండం, గోదావరిఖనిని బొగ్గుపట్టణాలుగా మార్చింది. బాయిలోకి దిగినవారిలో చాలామంది కరీంనగర్, ఆదిలాబాద్, వరంగల్ పల్లెల నుంచి వచ్చారు. వస్తూ వస్తూ ఒగ్గుకథ వినే చెవిని తెచ్చుకున్నారు. మల్లన్న కథ రాత్రంతా సాగుతుంది. మూడు షిఫ్టుల జీవితంలో రాత్రంతా కూర్చోవడం అందరికీ కుదరదు. మొదటి షిఫ్టు దిగినవాడు ఇంటికి వచ్చేసరికి రెండో షిఫ్టువాడు బాయిలో ఉంటాడు. ఊరంతా ఒక్కచోట చేరడం అరుదైన ఇలాంటి పట్టణంలో క్యాసెట్టు ఎవరి వేళకు వారికి కథ చెప్పింది. క్వార్టరులో ఒకరు పెడితే పక్కింటివారూ విన్నారు. చదువు రాని శ్రోతకు అదే పుస్తకం. గోదావరికి అవతల దండేపల్లి మండలం లింగాపూర్ నుంచి వచ్చిన గూడ అంజయ్య (1955–2016) పాటలు కూడా ఈ ప్రాంతంలో ముందుగా చెవికి చేరి, తరువాతే కాగితానికి చేరాయి.

గనికార్మికుని వృత్తిలోనే వినడం ఒక భాగం. తట్టినప్పుడు కప్పు గట్టిగా మోగితే భద్రం. డొల్లగా పలికితే పొర విడిందని అర్థం. కర్ర దిమ్మెలు బరువుకు కిర్రుమంటూ ముందే హెచ్చరిస్తాయని పాత కార్మికులు నమ్మేవారు. దీన్నిబట్టి గనికార్మికుడు కవిత్వాన్ని మరొకరికంటే మెరుగుగా వింటాడని నిర్ధారించడం అతిశయోక్తి. కానీ ధ్వనిలోని చిన్న తేడాకు ప్రాణం విలువ ఉన్న చోట, గొంతు మారడాన్ని అర్థంగా గ్రహించే శ్రోత దొరకడం ఆశ్చర్యం కాదు. అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితల కథాసాహిత్యం ఈ నేల జీవితాన్ని అచ్చులోకి తెచ్చింది. దానిపై పరిశోధనలు వస్తున్నాయి. ఇదే నేల చెవితో చదివిన సాహిత్యం మీద అంత పని జరగలేదు.

6. గొంతు పోయిన తరువాత

2023 ఆగస్టు 6న గద్దర్ కన్నుమూశారు. పాటలకు ప్రమాదం లేదు. అవి ఇప్పటికే వేల గొంతుల్లో ఉన్నాయి, ఇంకా పాడతారు. మాటకు ఆ భరోసా లేదు. పాట రాగం పట్టుకొని మరొకరి నోటికి చేరుతుంది. పాటల నడుమ వచనం ఆ మనిషి ఊపిరికీ, ఆ సభకూ, ఆ పూటకూ కట్టుబడినది. హిక్మెత్ కవితకు ఎర్కాల్ తరువాత మరో నటుడు గొంతు ఇవ్వగలడు, ఎందుకంటే పాఠం పుస్తకంలో ఉంది. గద్దర్ వచనానికి పుస్తకం లేదు, టేపు ఉంది.

ఆ టేపుల స్థితి పరిశోధకులు పట్టించుకోవలసిన విషయం. అయస్కాంత పొర రాలిపోతుంది, టేపు బూజుపడుతుంది. అంతకంటే మెల్లగా, కనిపించకుండా జరిగే నష్టం మరొకటి ఉంది. క్యాసెట్టును డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు పాటలవారీగా ముక్కలు చేస్తే, పాటకూ పాటకూ మధ్య ఉన్న మాట ‘ఖాళీ’గా లెక్కకు వచ్చి కత్తిరింపుకు గురవుతుంది. పాత సంకలనకర్త కలంతో గీసిన గీతనే కొత్త సంకలనకర్త యంత్రంతో గీస్తాడు. వంతల పేర్ల విషయమూ ఇంతే. ‘గద్దర్ పాట’ అన్న శీర్షిక కింద వినిపించే ‘ఊ’ ఎవరిది, ప్రశ్న వేసి మాటను మలుపు తిప్పిన ఆ రెండో గొంతు ఎవరిది అన్నది చాలా క్యాసెట్ల మీద ఉండదు. కథాగానంలో వంత లేనిదే కథకుడు లేడన్నది ఈ కళ ప్రాథమిక సూత్రం. ఆ గొంతులను గుర్తుపట్టగలవారు ఇంకా జీవించి ఉండగానే వాటి పేర్లు రాబట్టవలసి ఉంది.

లిప్యంతరీకరణకు ఒక పద్ధతి కావాలి. విరామాన్నీ, వంత జవాబునూ, డప్పు దెబ్బనూ, సభ సవ్వడినీ వేర్వేరు గుర్తులతో చూపుతూ ఒక క్యాసెట్టు ఒక వైపును, అంటే ముప్ఫై నిమిషాలను, మొదటినుంచి చివరిదాకా రాసి చూస్తే ఆ పద్ధతిలోని ఇబ్బందులు వాటంతటవే బయటపడతాయి. మొదటి ఇబ్బంది మొదటి నిమిషంలోనే ఎదురవుతుంది: ‘అమ్మా’ అని దీర్ఘంగా పిలిచిన ఆ పిలుపు మాటల వరుసలోకి చేరుతుందా, పాట మొదటి పాదంలోకి చేరుతుందా?