బహుశా, కాబట్టి

డబ్ల్యూ. డబ్ల్యూ. టార్న్ 1938లో రాసిన ‘ద గ్రీక్స్ ఇన్ బాక్ట్రియా అండ్ ఇండియా’ చదువుతుంటే మంచి నవల చదువుతున్నట్టే ఉంటుంది. నా పేచీ కూడా అక్కడే.

బాక్ట్రియా అంటే ఇప్పటి ఉత్తర అఫ్ఘానిస్తాన్, దాని చుట్టుపక్కల ప్రాంతం. క్రీ.పూ. 250 ప్రాంతంలో డయోడొటస్ అనే గవర్నరు సెల్యూకస్ వంశపు రాజుల మీద తిరగబడ్డాడు. వందేళ్లు తిరిగేసరికి యూక్రటైడిస్ అనే రాజుని సొంత కొడుకే చంపాడు. ఉత్తరం నుంచి సంచార జాతులు దిగాయి. అక్కడితో బాక్ట్రియా అయిపోయింది. హిందూకుష్‌కి ఇవతల మాత్రం గ్రీకు రాజులు ఇంకా చాలాకాలం నెట్టుకొచ్చారు. బౌద్ధుల మిలిందుడు వాళ్లలో ఒకడు.

దీనికంతటికీ దొరికే రాతలు పాలిబియస్, స్ట్రాబో, జస్టిన్‌ లాంటివాళ్లు రాసిన కొన్ని పేరాలే. చాలామంది రాజుల పేర్లు నాణేల మీద తప్ప ఇంకెక్కడా లేవు. టార్న్ ఆ ఖాళీలన్నీ పూడ్చేశాడు. యూక్రటైడిస్ నాలుగో ఆంటియోకస్‌కి దగ్గరి బంధువట, అతని పంపునే వచ్చాడట. డెమెట్రియస్ మౌర్య సామ్రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టబోయాడట. పేజీ మొదట్లో ‘బహుశా’గా ఉన్నది పేజీ చివరికి ‘కాబట్టి’ అయిపోతుంది. (సర్వర్ పడిపోయినప్పుడు సగం లాగులు చూసి నేనూ ఇలాంటి కథలు అల్లినవాణ్ణే. మీటింగులో అందరూ తలూపుతారు కూడా.)

1957లో ఎ. కె. నారాయిన్ ‘ది ఇండో-గ్రీక్స్’ రాసి ఈ అల్లికని ఓపిగ్గా విప్పాడు. నాణెం చెప్పినంతే చెప్తాడు, నాకది నచ్చింది. కానీ ఆయనకీ ఒక తొందర ఉంది. టార్న్ దీన్ని గ్రీకు చరిత్రలో కలుపుకుంటే, ఈయన భారత చరిత్రలో కలుపుకున్నాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి పదేళ్లు. ఇద్దరి పుస్తకాల్లోనూ, అసలు ఆ నేల మీద బతికిన బాక్ట్రియన్లు ఎక్కడా సరిగ్గా కనపడరు.

వాళ్లు తర్వాత కనపడ్డారు. పాల్ బెర్నార్ నాయకత్వంలో ఫ్రెంచివాళ్లు ఐ-ఖానుమ్ అనే చోట 1978 దాకా తవ్వితే గ్రీకు నాటకశాల, వ్యాయామశాల, డెల్ఫీ సూక్తులు చెక్కిన రాయి బయటపడ్డాయి. ప్రధాన ఆలయం మాత్రం గ్రీకు పద్ధతిలో లేదు. లోపలి భారీ విగ్రహంలో మిగిలిన పాదానికి గ్రీకు చెప్పు, దాని మీద పిడుగు గుర్తు. ఖజానా కుండల మీద లెక్కలు గ్రీకులో ఉన్నాయి. ఆ లెక్కల్లోని ఉద్యోగుల పేర్లలో కొన్ని ఇరానియన్ పేర్లు. అగాథొక్లీస్ నాణేలు కూడా దొరికాయి. వాటి మీద బలరాముడు, వాసుదేవుడు, ఒకవైపు గ్రీకు, ఇంకోవైపు బ్రాహ్మి.

టార్న్‌ని చదవొద్దనను. పక్కన నారాయిన్‌నీ, ఈ తవ్వకాల ఫోటోలనీ పెట్టుకుని, ‘బహుశా’ కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీస్తూ చదవండి. నా కాపీలో మూడో అధ్యాయానికే పెన్సిల్ అరిగిపోయింది.