తవ్వడం కాదు, ఆపడమే విద్య

1992 నవంబరులో ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో, హాక్సన్ అనే ఊళ్ళో, ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. అది వెతికి పెట్టడానికి మెటల్ డిటెక్టర్ పట్టుకెళ్ళిన ఎరిక్ లాజ్‌కు బంగారు నాణేలు, వెండి చెంచాలు దొరికాయి. కొన్ని తీశాక ఆయన తవ్వడం ఆపేసి అధికారులకు కబురంపాడు. మర్నాడు పురావస్తు నిపుణులు వచ్చి కొంత భాగాన్ని మట్టి పెళ్ళలతో సహా ఎత్తి ప్రయోగశాలకు తరలించారు. కొయ్య పుచ్చిపోయినా, బందులూ తాళాలూ ఉన్న చోటును బట్టి అదొక పెట్టె అనీ, లోపల చిన్న పెట్టెలున్నాయనీ, ఏది ఎక్కడ సర్దారో కూడా తేలింది. దాదాపు 15 వేల రోమన్ నాణేలతో పాటు మిరియాల పొడి చల్లుకునే వెండి డబ్బీలూ వచ్చాయి. సుత్తీ దొరికింది, బ్రిటిష్ మ్యూజియానికి చేరింది. లాజ్ అంతా సంచిలోకి ఎత్తేసినా బంగారం బంగారమే. పెట్టె సంగతి మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. డిటెక్టర్‌తో వెతికే ఈ హాబీ పురావస్తు శాస్త్రానికి మిత్రుడో శత్రువో తేలేది ఇక్కడే.

డిటెక్టర్ పనిచేసే తీరు తేలికే. కింది పళ్ళెంలోని తీగచుట్ట అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. లోహం ఉంటే అందులో విద్యుత్ సుడులు పుట్టి, వాటి జాడ చెవిలో కూతగా వినిపిస్తుంది. చిన్న నాణెం జానెడు లోతు దాటితే అందడం కష్టం. పళ్ళేన్ని నేలకు సమాంతరంగా, తాకీ తాకనట్టు, ఒక ఊపు మీదికి మరో ఊపు వచ్చేలా ఆడించడంలోనే నేర్పంతా ఉంది. దానికి చోటు రాసుకోవడం తోడైతే ఏమవుతుందో చూడండి. అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో గడ్డి తగలబడ్డాక, పురావస్తు నిపుణులు డగ్లస్ స్కాట్, రిచర్డ్ ఫాక్స్ డిటెక్టర్ వాలంటీర్లను వరసగా నడిపించారు. కూత వచ్చిన చోటల్లా జెండా పాతి, ప్రతి ఖాళీ తూటా పడి ఉన్న స్థానాన్ని కొలిచి రాసుకున్నారు. తూటా అడుగున తుపాకీ చేసే నొక్కు ఒక్కో తుపాకీకి ఒక్కో రకం. వాటిని పోల్చి, 1876 నాటి ఆ యుద్ధంలో ఏ తుపాకీ మైదానంలో ఎటు కదిలిందో గీయగలిగారు.

ఇలాంటి పరికరం జనం చేతికిస్తే దోపిడీయే కదా అంటారు నిపుణులు కొందరు. ఆ భయం ఉత్తది కాదు. 2015లో ఇంగ్లండ్‌లోని హెరెఫర్డ్‌షైర్‌లో డిటెక్టర్లతో వెళ్ళిన ఇద్దరు, వైకింగుల కాలపు నిధిని తవ్వి దాచేశారు. సుమారు 300 నాణేలు ఉండి ఉంటాయని అంచనా, చేతికొచ్చినవి 30 చిల్లర. 2019లో ఇద్దరికీ జైలుశిక్ష పడింది. అయినా నిషేధమే మందంటే ఒప్పుకోలేను. ఏటా దున్నే నేలలో వస్తువు ఎప్పుడో తన మట్టి పొర వదిలేసి ఉంటుంది, నాగలి దాన్ని అరగదీస్తూనే ఉంటుంది. అక్కడ యజమాని అనుమతితో, నాగలి లోతు దాటకుండా, చోటు రాసుకుంటూ తీసిన వస్తువు దక్కినట్టే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1996 నాటి చట్టం నిధిని 14 రోజుల్లో తెలపమంటుంది. మ్యూజియం తీసుకుంటే ప్రతిఫలమిస్తుంది. మిగతా వస్తువుల నమోదుకు 1997లో మొదలైన పోర్టబుల్ ఆంటిక్విటీస్ స్కీములో 10 లక్షలకు పైగా వస్తువులు ఎక్కాయి. డబ్బాశ చూపితేనే నిజం చెబుతారా అని ఈసడించవచ్చు. దాచి అమ్ముకోవడం కన్నా చెప్పి డబ్బు తీసుకోవడం నయమే కదా.

మన దగ్గర డిటెక్టర్ అనగానే గుప్త నిధుల ముఠాలు గుర్తొస్తాయి. పాడుబడ్డ గుళ్ళో నంది కింద గొయ్యి తీసేవాడికి ఇంగ్లండ్ అనుభవం సాకు కాదు. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి ఏది దొరికినా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. దున్నుతుంటే నాగలికి బిందె తగిలిందా, దాన్ని పైకి లాగకండి, నాణేలు కడగకండి. అక్కడో కర్ర పాతి అధికారులకు కబురు పెట్టండి.