సెప్టిక్ ట్యాంకు మూత కింద: మున్సిపల్ నిబంధనల్లో కనపడని కులం

మరుగుదొడ్డి గురించి ఈ దేశంలో ఇంత మాట ఎప్పుడూ నడవలేదు. 2014లో స్వచ్ఛ భారత్ మొదలైంది. 2019 నాటికి పల్లెల్లో పది కోట్లకు పైగా మరుగుదొడ్లు కట్టామని ప్రభుత్వం లెక్క చెప్పింది. గోడగోడకీ గాంధీ కళ్లజోడు బొమ్మ వేశారు. సరే, కట్టారు. కట్టిన ప్రతి దొడ్డి కిందా ఒక గొయ్యో ట్యాంకో ఉంటుంది. అది ఏదో ఒక రోజు నిండుతుంది. నిండినాక ఎవరు తియ్యాలి? ఈ ప్రశ్న దగ్గరికి రాగానే మన పట్టణ పాలనా పత్రాలు గొంతు తగ్గిస్తాయి.

ఇంటి సెప్టిక్ ట్యాంకుని స్థానిక ప్రభుత్వం అదుపు చెయ్యాలనే ఆలోచన మన దగ్గర ఈ మధ్యనే వచ్చింది. 2016లో వరంగల్ నగరపాలక సంస్థ దీనికోసం ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. దేశంలో ఇదే మొదటిదని చెప్పుకున్నారు. ఆ మరుసటేడు, 2017లో, కేంద్రం జాతీయ విధానం ప్రకటించింది. ట్యాంకర్లకు లైసెన్సు, తీసిన మలాన్ని ఎక్కడ దించాలి, ఎలా శుద్ధి చెయ్యాలి అన్నవి ఇందులో విషయాలు. ఇవి అక్కర్లేదని ఎవరూ అనరు. తీసిన మలం కాలవల్లోనో ఊరి చివర గుంటల్లోనో వదిలేస్తే ఆ ఊరి చివర ఎవరుంటారో మనకు తెలుసు గదా.

అయితే ఈ పత్రాల భాష చూడండి. మలం అనే మాట ‘సెప్టేజ్’ అయింది. పాకీ పని ‘డీస్లడ్జింగ్’ అయింది. ఎత్తేవాడు ‘ఆపరేటర్’ అయ్యాడు. 2013 నిషేధ చట్టాన్ని ఒకసారి గుర్తు చేసి ముందుకు సాగిపోతారు. రెల్లి, మెహతర్, మాదిగ కులాల వాళ్లు తరతరాలుగా ఏ పనికి కట్టుబడి ఉన్నారో ఆ పని గురించే రాస్తూ, ఆ కులాల ఊసు లేకుండా రాయగలగడం మామూలు నేర్పు కాదు.

ఇంజనీర్లు ఇది సాంకేతిక సమస్య అంటారు. సాంకేతికంగానే చూద్దాం. ట్యాంకు ఎలా కట్టాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. రెండు మూడేళ్లకొకసారి అడుగున చేరిన మడ్డి తీయించాలని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ మార్గదర్శకాలు చెబుతాయి. మన ఇళ్లలో జరిగేదేమిటి? ట్యాంకు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుంటారు. ఇరవై ఏళ్లు మూత తియ్యనక్కర్లేదని మేస్త్రీ చెబితే ఇంటాయన సంతోషిస్తాడు. ఆ మూత మీద టైల్స్ పరుస్తారు, కారు నిలుపుతారు. ట్యాంకు వాయవ్యంలో ఉండాలా, నైరుతిలో ఉంటే ఏం కీడు అని వాస్తు సిద్ధాంతిని మూడుసార్లు అడుగుతారు. ట్యాంకరు పైపు అక్కడిదాకా వస్తుందా అని ఒక్కసారీ అడగరు.

ఏళ్ల తరబడి తియ్యని మడ్డి అడుగున గట్టిపడిపోతుంది. ట్యాంకరొచ్చి పైనున్న నీళ్లు పీలుస్తుంది, అడుగుది పీల్చలేదు. సందు ఇరుకైతే అసలు ట్యాంకరే రాదు. అప్పుడు ‘మనిషిని దించండి’ అంటారు. ఆ మనిషి పార పట్టుకుని, నడుముకి తాడు కట్టుకుని దిగుతాడు. మడ్డి కదిలించగానే అందులో పట్టి ఉన్న హైడ్రోజన్ సల్ఫైడు పైకి లేస్తుంది. కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. ఎక్కువైతే ముక్కు మొద్దుబారి అసలు వాసనే తెలియదు. వాసన తగ్గిందని దిగినవాడు ధైర్యపడే ఆ నిమిషమే కూలిపోతాడు. పైనున్న తమ్ముడో బావమరిదో అతన్ని లాగబోయి దిగుతాడు, వాడూ రాడు. ఒకే ట్యాంకులో ఇద్దరు, ముగ్గురు పోయారన్న వార్తలు ఇందుకే వస్తాయి. పత్రికల్లో ఇది ‘ప్రమాదం’. మూత ఎక్కడ పెట్టాలో నిర్ణయించిన రోజునే ఈ చావుకి ఏర్పాటు జరిగింది, కాబట్టి అది ప్రమాదమనే మాటని నేను ఒప్పుకోను.

పల్లెల సంగతి ఇంకా విచిత్రం. అక్కడ ప్రభుత్వం రెండు గుంతల పద్ధతి పెట్టింది. ఒక గుంత నిండితే మూసేసి రెండోది వాడాలి. ఏడాది, ఏడాదిన్నరలో మొదటి గుంతలోది వాసన లేని ఎరువవుతుంది. ఇంటివాళ్లే పారతో తీసి పొలానికి వేసుకోవచ్చు. చవక, ప్రాణాపాయం లేదు. అయినా చాలామంది ఇది వద్దనుకుని డబ్బు పోసి పెద్ద ట్యాంకులు ఎందుకు కట్టుకున్నారు? డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017లో ‘వేర్ ఇండియా గోస్’ అనే పుస్తకం రాశారు. గొయ్యి తియ్యడమంటే అంటరాని పని అనే భావనే ఇక్కడ అడ్డమని ఉత్తరాది పల్లెల ఆధారంగా వాళ్లు చూపించారు. బయటివాళ్లు చెబితే పరిశోధన అయింది గాని, మన వాడల్లో ముసలమ్మని అడిగినా ఇదే చెబుతుంది. ట్యాంకు సైజుని కూడా కులమే నిర్ణయిస్తోందన్నమాట.

ఇక చట్టం. 1993 చట్టం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర వంటి ఆరు రాష్ట్రాల తీర్మానాల మీద వచ్చింది. దాని చూపంతా పొడి మరుగుదొడ్ల మీదే, సెప్టిక్ ట్యాంకు దాని కంటికి ఆనలేదు. ఎస్.ఆర్. శంకరన్, బెజవాడ విల్సన్ వంటి వాళ్లు నడిపిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకెక్కింది. పదేళ్లకు 2013 చట్టం వచ్చింది. ఏ వ్యక్తిగాని, స్థానిక సంస్థగాని, ఏజెన్సీగాని ట్యాంకులో ప్రమాదకరంగా శుభ్రం చేసే పనికి మనిషిని పెట్టరాదని 7వ సెక్షను అంటుంది. మొదటి తప్పుకి రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ నిర్వచనం దగ్గర కిటుకు పెట్టారు. రక్షణ సామగ్రి ఇవ్వకుండా దించితేనే అది ‘ప్రమాదకరం’. చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు ఇస్తే దించొచ్చనే సందు అక్కడే ఉంది.

2014 మార్చిలో సుప్రీంకోర్టు చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇమ్మంది. 2023 అక్టోబరులో బలరాం సింగ్ కేసులో దాన్ని 30 లక్షలు చేసింది, మనుషుల్ని దించే పని పూర్తిగా పోవాలంది. ప్రభుత్వం పార్లమెంటులో ఏం చెబుతోంది? మాన్యువల్ స్కావెంజింగ్ వల్ల ఎవరూ చావలేదు, ట్యాంకులు, మురుగు కాల్వలు శుభ్రం చేస్తూ చనిపోయిన వాళ్లున్నారు అని. ఒకే చావుని రెండు డబ్బాల్లో వేసి ఒక డబ్బా ఖాళీ అని చూపడం ఇది. ఈ రెండో డబ్బాలో 2019 నుంచి 2023 దాకా 377 మంది ఉన్నారు. ‘నమస్తే’ పథకం కింద 2024 నాటికి నమోదు చేసిన సుమారు 38 వేల మంది కార్మికుల్లో దాదాపు 69 శాతం ఎస్సీలే. పేరు కూడా బాగుంది, నమస్తే!

స్థానిక ప్రభుత్వం ఎక్కడుంది మరి? 74వ రాజ్యాంగ సవరణతో పారిశుధ్యం మున్సిపాలిటీల పని అయింది. ఇంటి ప్లాన్‌లో సెప్టిక్ ట్యాంకుకి చిన్న చతురస్రం గీస్తారు, స్టాంపు పడుతుంది, అంతే. 2020లో తెలంగాణ తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టంలో 75 గజాల లోపు ఇంటికి అనుమతే అక్కర్లేదన్నారు. 500 చదరపు మీటర్ల దాకా ఇంటాయన సొంత ధ్రువీకరణ చాలన్నారు. లంచాలు తగ్గాయని మధ్యతరగతి సంతోషించింది. నాకూ లంచం మీద ప్రేమేం లేదు. భూమిలోకి పోయే ట్యాంకుని పూడ్చకముందు ఎవరు చూస్తారన్నదే నా ప్రశ్న.

2025లో పార్లమెంటు ముందుకొచ్చిన సోషల్ ఆడిట్ 54 మరణాలను పరిశీలించింది. 49 మందికి ఒంటి మీద ఏ రక్షణా లేదు. 38 మందిని విడిగా, మనిషికింతని మాట్లాడుకుని పిలిచారు. అంటే కాంట్రాక్టర్ని, కమిషనర్ని తిట్టి ఊరుకుంటే సరిపోదు. పిలిచినవాళ్లలో ఇంటి యజమానులుంటారు. చట్టంలో ‘ఏ వ్యక్తిగాని’ అన్న మాట వాళ్లకీ వర్తిస్తుంది. 2015 సవరణ తర్వాత ఎస్సీ ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద దళితుడి చేత మాన్యువల్ స్కావెంజింగ్ చేయించడమే నేరం. కేసు పెట్టేటప్పుడు స్టేషనులో నిర్లక్ష్యం సెక్షనుతో సరిపెట్టబోతే కార్యకర్తలు ఒప్పుకోకూడదు.

యంత్రాల గురించి మనలో మనకే వాదన ఉంది. 2017లో హైదరాబాద్ వాటర్ బోర్డు డిక్కీతో కలిసి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలు దింపింది, దళిత ఔత్సాహికుల్ని యజమానులుగా పెట్టింది. అవి మురుగు కాల్వలకి, ఇంటి ట్యాంకులకి కాదు. అయినా ఇరుకు సందులోకి యంత్రం పోగలదని రుజువైంది. తాడు కన్నా యంత్రం నయం, అందులో సందేహం లేదు. కానీ యంత్రానికి కూడా యజమాని మన కులంవాడే ఎందుకు కావాలి? ట్రాక్టరు కొనుక్కోను మనవాడికి అంత తేలిగ్గా అప్పు దొరుకుతుందా? పాత పనికే కొత్త బండి తగిలిస్తున్నారని అనేవాళ్ల మాట కొట్టిపారెయ్యలేం. ఆ బండి మీద ఇల్లు గడిచేవాళ్ల మాటా అంతే.

సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. విద్యార్థులు, ఉపాధ్యాయులు తమ మున్సిపాలిటీకి ఒక దరఖాస్తు పెట్టొచ్చు. ఊళ్లో ఎన్ని ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులున్నాయి, పూడ్చకముందు ఎన్నింటిని చూశారు, మూడేళ్లుగా తీయించని ఇళ్లెన్ని, ఎంతమంది యజమానులకు నోటీసిచ్చారు, 7వ సెక్షను కింద ఎన్ని కేసులు పెట్టారు. చివరి రెండింటికి జవాబు సున్నా వస్తే ఆ కాగితాన్ని కౌన్సిల్ సమావేశంలో మన వార్డు సభ్యుడి చేత చదివించాలి.