కృతిభర్తృత్వము – సంస్థానామము : ఒక పరిశీలనము

కావ్యమునకు కర్త యొకడు, భర్త యొకడు. రచించినవాడు కర్త, అంకితము గొన్నవాడు భర్త. విద్యాసంస్థలకు మహాపురుషుల పేళ్లుంచుటయు ఒకవిధమైన కృతిసమర్పణమే యని మా యభిప్రాయము. ఆ దృష్టితో చూచినచో విజయవాడలోని ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయపు పేరును గూర్చిన వివాదము సాహిత్య విద్యార్థికి పరాయిది కాదు. మంగళగిరివారికి మొదలే కాదు. చెంతనున్న చినకాకాని వైద్యకళాశాల ఆ విశ్వవిద్యాలయమునకు అనుబంధమైనదే.

ముందుగా ఈ పేరునకు గల పాఠములను క్రమముగా పరిశీలింతము. 1986లో శాసనసభ చేసిన చట్టమున దీని పేరు ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యవిజ్ఞాన విశ్వవిద్యాలయము. అప్పటి ముఖ్యమంత్రి నందమూరి తారకరామారావు. ఆయన 1996 జనవరి 18న మరణించిన పిమ్మట, 1998లో దీనికి ఆయన పేరుంచిరి. 2006లో ఆ పేరునకు ముందు 'డాక్టర్' అను పదము చేరినది. 2022 సెప్టెంబరు 21న శాసనసభ ఆమోదించిన సవరణ తారకరామారావు పేరును తొలగించి వై. ఎస్. రాజశేఖరరెడ్డి పేరును నిలిపినది. ప్రభుత్వము మారిన పిదప, 2024 జూలైలో, మరల తారకరామారావు పేరునే పునరుద్ధరించిరి.

ఈ పాఠభేదములలో రెండు విశేషములు గమనింపదగినవి. 2006 నాటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డియే. ప్రత్యర్థిపక్ష స్థాపకుని పేరును ఆయన కాలమున తొలగింపలేదు సరికదా, దానికి గౌరవపదము చేరినది. ఇక ఆ 'డాక్టర్' పదముననే శ్లేష యున్నది. తారకరామారావు పేరుముందు అది గౌరవ పట్టమును తెలుపును. రాజశేఖరరెడ్డి పేరుముందు వైద్యవృత్తిని తెలుపును. 2022 నాటి వాదమంతయు ఈ రెండవ యర్థముపైననే నిలిచినది.

ఆ వాదము నిస్సారము కాదు. రాజశేఖరరెడ్డి వైద్యవిద్య నభ్యసించి, పులివెందులలో చికిత్స చేసినవాడు. 2005లో 108 అత్యవసర వాహనసేవయు, 2007లో ఆరోగ్యశ్రీయు ఆయన పాలనముననే ప్రారంభమైనవి. ఆరోగ్యవిద్యాలయమునకు అట్టివాని పేరు తగదని యెవ్వరనగలరు? కాని ఒకని యర్హతను నిరూపించుట వేఱు, మఱియొకని తొలగింపును సమర్థించుట వేఱు. మొదటిది సిద్ధించినంతమాత్రమున రెండవది సిద్ధింపదు. వెంకటరామన్నగూడెమున 2007లో వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయమునకు తరువాత రాజశేఖరరెడ్డి పేరుంచినపుడు ఏ పేరునకును హాని కలుగలేదు. అందున్నది రాష్ట్రము పేరు మాత్రమే.

రెండవ పక్షమువారి వాదమునందును లోపము కలదు. వారు 2024 నాటి పునరుద్ధరణమును మూలపాఠ స్థాపనముగా వర్ణింతురు. మూలపాఠము 1986 నాటిది. అందు వ్యక్తినామము లేదు. వ్యవస్థాపకుడు తన కాలమున తన పేరుంచుకొనలేదు. అది ఆయన గౌరవమును పెంచునదే గాని తగ్గించునది కాదు. కనుక వారు మూలపాఠమను మాట విడిచి, ఒకసారి సమర్పించినదానిని హరింపరాదను వాదమును గ్రహించినచో వారి పక్షము మఱింత దృఢమగును.

ఈ వాదమునకు మన సాహిత్యముననే గొప్ప ఉదాహరణము గలదు. నన్నయ అసంపూర్ణముగా విడిచిన అరణ్యపర్వశేషమును పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన పూరించెను. ఆనాటికి రాజరాజనరేంద్రుడు గతించి మూడు శతాబ్దములకు దాదాపుగా నైనది. ఎఱ్ఱనకు అద్దంకి ప్రభువైన ప్రోలయవేమారెడ్డి ఆశ్రయము గలదు. అయినను ఆ శేషమును ఎఱ్ఱన రాజరాజనరేంద్రునికే అంకితము చేసెను. తన ప్రభువునకు వేఱుగా హరివంశమును సమర్పించెను. మొదటి కృతిభర్తను తొలగింపలేదు, రెండవవానిని గౌరవహీనుని చేయలేదు. మన గుంటూరు, ప్రకాశం సీమల నేలయే ఈ మర్యాదకు సాక్షి.

దానశాసనముల తుదిని ఇతరులిచ్చిన దానిని పాలించుట తా నిచ్చుటకంటె రెట్టింపు పుణ్యమని వ్రాయు నాచారమును గూడ ఇచ్చట స్మరింపవలెను. పేరు మార్చుటకు శాసనసభకు అధికారము లేదని మేమనము. అధికారము వేఱు, ఔచిత్యము వేఱు. క్షేమేంద్రుడు మొదలుగా విమర్శకులు చర్చించినది రెండవదానినే.

ఇది కేవలము మాటల తగవు కాదు. 2021లో చేరిన వైద్యవిద్యార్థి చేరునాటికి ఒక పేరు, చదువు నడుమ మఱియొక పేరు, పట్టము గొనునాటికి మరల మొదటిపేరు. దూరదేశమున వాని పత్రములను పరీక్షించువారికి ఈ మూడును ఒకే సంస్థ యని ఎవరో వివరింపవలసినదే. జనులుమాత్రము దీనిని హెల్త్ యూనివర్సిటీ యనియే పిలుచుచున్నారు. వ్యక్తినామము లేని ఆ వాడుకపేరే ఇన్ని మార్పులయందును చెక్కుచెదరక నిలిచినది.

మంగళగిరి గాలిగోపురమును వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు కట్టించెను. గోపుర మాయన కీర్తిని నిలిపినది. స్వామి పేరుమాత్రము మారలేదు. తరువాత వచ్చిన ప్రభువు తన పెద్దల కీర్తికి క్రొత్త గోపురము కట్టవలెను గాని పాతగోపురముపై పేరు చెఱిపి వ్రాయరాదు. ఎఱ్ఱన మనకు నేర్పిన పాఠమిదియే.