ఇంటి మంచం దగ్గర వైద్యం

జబ్బు నయం కాదని తేలాక కూడా నొప్పి, ఆయాసం, వాంతులు, పుండ్ల దుర్వాసన, నిద్రలేమి, వీటన్నిటి వెనకా ఉండే భయం తగ్గించదగినవే. ఆ పని చేసేది పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్స. ఇది క్యాన్సర్ రోగులకే పరిమితం కాదు. గుండె, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు పాడైనవారికీ, పక్షవాతంతో మంచాన పడ్డవారికీ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 5.68 కోట్ల మందికి దీని అవసరం ఉంటే, అందుతున్నది సుమారు 14 శాతం మందికే.

ఈ వైద్యానికి దారి చూపిన బ్రిటిష్ డాక్టర్ సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. నొప్పి తిరిగి వచ్చాక కాదు, రాకముందే మందు పడాలన్నది ఆమె పట్టుదల. 1993లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్ కేరళలోని కోళికోడ్‌లో మొదలుపెట్టిన సంస్థ ఈ వైద్యాన్ని ఇళ్లకు చేర్చింది; అక్కడ ఇరుగుపొరుగువారే శిక్షణ పొంది రోగుల్ని చూసుకున్నారు. తెలుగునాట హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలట్ దీన్ని నిలబెట్టారు. తర్వాత తెలంగాణ జిల్లా ఆస్పత్రుల్లోనూ ఇలాంటి కేంద్రాలు వచ్చాయి.

తెలుగునాటే గోదావరి డెల్టా సంగతి చూస్తే, అక్కడి రోగులు క్యాన్సర్ వైద్యానికి రాజమహేంద్రవరమో, విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా ఆస్పత్రో, హైదరాబాదో వెళ్తారు. ఆపరేషన్లు, కరెంటు పెట్టించడం (రేడియేషన్), కీమో అన్నీ అయ్యాక ఒకరోజు డాక్టరు "ఇక ఇంటికి తీసుకెళ్లండి" అంటారు. ఉపశమన చికిత్స అసలు అవసరం ఆ మాట దగ్గరే మొదలవుతుంది. జబ్బు తేలిన నాటి నుంచే అది మిగతా వైద్యంతో పాటు నడిస్తే ఇంకా మేలు.

నొప్పికి ప్రధానమైన మందు మార్ఫిన్. గాజీపూర్, నీమచ్ ప్రభుత్వ కర్మాగారాల్లో మార్ఫిన్‌కు మూలమైన నల్లమందును శుద్ధి చేసే ఈ దేశంలోనే క్యాన్సర్ రోగికి మార్ఫిన్ దొరకకపోవడం పెద్ద అన్యాయం. 1985 మాదకద్రవ్యాల చట్టం కింద పడే శిక్షలకు జడిసి ఆస్పత్రులు, మందుల షాపులు దాన్ని ఉంచడమే మానేశాయి. 2014 సవరణ ఆ చిక్కును చాలావరకు విప్పింది: రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారి గుర్తింపు, శిక్షణ పొందిన డాక్టరు ఉంటే ఆస్పత్రి మార్ఫిన్ ఇవ్వవచ్చు.

చట్టం సడలినా ఇంట్లో భయం మిగిలే ఉంది. మత్తుకు అలవాటు పడతారనీ, మార్ఫిన్ రాశారంటే రోజులు దగ్గరపడ్డట్టేననీ అనుకుంటారు. రెండూ నిజం కావు. నొప్పిని బట్టి మోతాదు కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ప్రాణానికి ముప్పు ఉండదు. రోగి కూర్చుని నాలుగు మాటలు మాట్లాడగలుగుతాడు. మామూలు మాత్ర నాలుగు గంటలకోసారి, గడియారం చూసి వేయాలి. పడుకునే ముందు రెట్టింపు మోతాదు ఇస్తే అర్ధరాత్రి లేపే పని తప్పుతుంది. మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా ఒక మోతాదు. వికారం కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది గానీ మలబద్ధకం పోదు, కనుక విరేచనం మందు మొదటి రోజు నుంచే ఉండాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మోతాదు తగ్గించాలి.

మిగతా పనిలో చాలా భాగం ఇంటివాళ్ల చేతుల్లో ఉంటుంది. నోటి క్యాన్సర్ పుండు వాసనకు సిగ్గుపడి రోగి వెనకగదిలో ముడుచుకుపోతాడు. అర లీటరు నీళ్లలో ఒక టీచెంచా ఉప్పు వేసి మరిగించి, చల్లార్చి, ఆ నీటితో కడిగి, మెట్రోనిడజోల్ మాత్రల పొడి చల్లితే వాసన చాలావరకు పోతుంది. మనవలు మళ్లీ దగ్గరికి వస్తారు. ఆయాసానికి దిండ్లు ఎత్తుగా పెట్టి ముఖానికి ఫ్యాను గాలి తగిలేలా చూడాలి. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి.

అన్నం దగ్గరే ఎక్కువ బాధ. ముద్ద దిగకపోతే ఆకలితో పోతున్నారని ఇంటివాళ్లు కుమిలిపోయి బలవంతంగా గంజి పోస్తారు. చివరి రోజుల్లో శరీరమే ఆహారాన్ని అడగదు. మగతలో ఉన్నవారికి పోసింది ఊపిరితిత్తుల్లోకి వెళ్లవచ్చు. పెదాలు, నాలుక తరచూ తడిపితే చాలు. తులసి తీర్థమో, గోదావరి నీళ్లో రెండు చుక్కలు పెదాలకు అద్దే ఆచారానికీ ఈ జాగ్రత్తకూ వైరుధ్యం లేదు.

చివరి గంటల్లో కాళ్లూ చేతులూ చల్లబడతాయి, శ్వాస ఆగి ఆగి వస్తుంది, గొంతులో గురగుర వినిపిస్తుంది. పక్కకు తిప్పి పడుకోబెడితే, అవసరమైతే చర్మం కింద ఒక ఇంజెక్షన్ ఇస్తే శబ్దం తగ్గవచ్చు. ఇదంతా ముందే చెప్పకపోతే ఇంటివాళ్లు కంగారుపడి రాత్రికి రాత్రి అంబులెన్సు పిలుస్తారు, రోగి ఎవరికీ అక్కర్లేని వెంటిలేటర్ మీదికి చేరతాడు. అలాంటి చికిత్స వద్దని ముందుగా రాసి పెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023లో పద్ధతిని సులభం చేసింది: ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ చాలు.

డెల్టాకు తనదైన ఇబ్బంది ఒకటుంది. గోదావరికి వరదొస్తే ఏరు దాటించే పంట్లు ఆగిపోతాయి, లంక గ్రామాలకు రాకపోకలు తెగిపోతాయి. నాలుగు గంటలకోసారి పడాల్సిన మందు అక్కడ ఒక్క రోజు తప్పినా నొప్పి మొత్తం తిరిగొస్తుంది. అందుకే వరద నెలల్లో సరిపడా మాత్రలు ముందే ఇంట్లో ఉండాలి. ఊళ్లో ఏఎన్ఎంకు, ఆశా కార్యకర్తకు మోతాదులు తెలిసి ఉండాలి, డాక్టరు ఫోన్‌లో అందాలి. రోగి పోయాక మిగిలిన మార్ఫిన్‌ను లెక్కపెట్టి ఉపశమన చికిత్స కేంద్రానికి తిరిగి ఇవ్వాలి. ఆ తర్వాత కొన్ని వారాలకు నర్సు మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, ఇన్నాళ్లూ సేవ చేసినవారి నిద్ర, తిండి ఎలా ఉన్నాయో కనుక్కోవడం కూడా ఈ వైద్యంలో భాగమే.