కోటిపల్లి రేవుకీ ఒక చిట్టా కావాలి

కె.గంగవరం మండలంలో రోడ్డు కోటిపల్లి దాకా వచ్చి గౌతమి ఒడ్డున ఆగిపోతుంది. అవతల కనిపించేది ముక్తేశ్వరం. వంతెన మీదుగా పోవాలంటే ఇటు యానాం–ఎదుర్లంక బాలయోగి వారధికో, అటు రావులపాలేనికో చుట్టు తిరగాలి. అందుకే సోమేశ్వరుణ్ణి దర్శించుకుని క్షణముక్తేశ్వరుడి దగ్గరికి వెళ్ళే భక్తుడైనా, అమలాపురంలో పనున్న వ్యాపారైనా రేవులో టికెట్టు కొని పంటెక్కుతాడు.

పంటు చూడ్డానికి మోటుగా ఉంటుంది కానీ అందులో లెక్క ఉంది. రెండు నావల్ని పక్కపక్కన బిగించి, పైన బల్లలు పరుస్తారు. ఒంటి నావ పక్కకి ఒరిగే చోట జంట నావ నిలబడుతుంది. కారు ముందు ఎక్కితే దాన్ని ఎక్కడ నిలపాలో, మోటారు సైకిళ్ళు ఏ వైపు సర్దాలో రేవువాళ్ళు కళ్ళతోనే తూచి చెబుతారు. బరువు ఒక నావ మీదే పడితే రెండోది తేలిపోతుంది. ప్రవాహం జోరుగా ఉంటే సరంగు ఎదుటి రేవుకి సూటిగా గురిపెట్టడు. ఎగువకి మొగ్గి బయల్దేరతాడు, ఏరు దిగువకి తోసే తోపు కలుపుకుని సరిగ్గా రేవులో దిగుతాడు. ఇసుక మేటలు వరదకొకలా మారతాయి కనుక నిరుటి దారి ఈ ఏడు పనికిరాదు. ఎండాకాలం నీరు తగ్గాక లోతు ఎక్కడుందో మళ్ళీ వెతుక్కోవాలి. వరదొస్తే రేవు మూతే.

ప్రయాణాన్ని ఇలా నది ఆపడం వేరు, ప్రభుత్వం ఆపడం వేరు. జపాన్‌లో తొకుగావా పాలకులు రెండింటినీ వాడుకున్నారు. ఎదో, క్యోతో నగరాలను కలిపే తొకాయిదో బాటలో ఒయి నది మీద వంతెన కట్టనివ్వలేదు. కూలీలు మనుషుల్ని భుజాల మీద దాటించేవారు, నీటి లోతును బట్టి కూలి మారేది. అదే బాటలో కొండకీ ఆషి సరస్సుకీ మధ్య ఇరుకు చోట 1619లో హకోనె తనిఖీ ఠాణా పెట్టారు. ఎదో నగరంలో బందీల్లా ఉంచిన సామంతుల భార్యలు తప్పించుకు పోకుండా చూడడం దాని ముఖ్యమైన పని. ఆడవాళ్ళని సోదా చేయడానికి ప్రత్యేకంగా ఒక స్త్రీ ఉండేది.

1869లో ఠాణా ఎత్తేశారు, కట్టడాలూ పోయాయి. 1983లో ఎగావా అనే కుటుంబపు పాత కాగితాల్లో 1865 నాటి మరమ్మతు చిట్టా ఒకటి బయటపడింది. కొలతలు, కలప వివరాలు అందులో ఉన్నాయి. తవ్వకాల్లో దొరికిన పునాదుల్ని దానితో సరిచూసుకుని, పాత పనిముట్ల పద్ధతిలోనే దూలాలు చెక్కి, మసీ పెర్సిమన్ కాయల వగరు రసమూ కలిపిన నల్లరంగు పూసి ఠాణాని మళ్ళీ కట్టడం 2007లో పూర్తి చేశారు. నిరంకుశత్వానికి గుర్తయిన చోటే ఇప్పుడు వడ్రంగం నేర్పుకి సాక్ష్యంగా నిలిచింది.

కోటిపల్లికి కాలం మార్పు తెలియనిది కాదు. కాకినాడ నుంచి 1928లో వచ్చిన రైలు పట్టాల్ని రెండో ప్రపంచ యుద్ధ కాలంలో 1940లో పీకేశారు, మళ్ళీ 2004లో రైలు నడిచింది. నర్సాపురం లైను కోసం గౌతమిలో స్తంభాలు లేచాయి. రేపు వంతెనలొచ్చి పంటు తగ్గినా ఎవరూ బాధపడనక్కర్లేదు. రాత్రివేళ పురుటి నొప్పులతో రేవులో ఎదురుచూసే ఇంటివాళ్ళకి వంతెన విలువ తెలుసు.

పోకూడనిది పంటు నడిపే విద్య. నావల బిగింపు కొలతలు, సర్దే వరస, ఏ నెలలో ఏ మేట ఎటు జరుగుతుందో, వరదలో ఏ గుర్తు చూసి రేవు మూస్తారో ఇదంతా సరంగుల నోట ఉంది. రేవు పాట హక్కులకి కాగితాలుంటాయి, పనితనానికి ఉండవు. పంచాయతీలో ఒక పుస్తకం, ఓపికున్న బడి పిల్లలు నలుగురు చాలు దీన్ని రాయించడానికి. హకోనె చిట్టా బయటపడడానికి వందేళ్ళు దాటింది. మనకి చెప్పగలిగినవాళ్ళు ఇంకా పనిలోనే ఉన్నారు.