స్మారకంలో నావికుడెక్కడ?

విశాఖ తీరాన 1996లో వెలసిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం 1971 యుద్ధ విజయానికి గుర్తు. శిల్పంగా చూస్తే ముందు కంటికి ఆనేది క్షిపణి, విమానం, మనిషి కాదు. ఆ యుద్ధంలోనే, డిసెంబరు 9న, ఖుక్రీ నౌకతోబాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు సముద్రం పాలయ్యారు.

తిరగబడ్డ నావికుడి సంగతి సరేసరి! 1946 ఫిబ్రవరి 18న బొంబాయి 'తల్వార్'లో, తినలేని తిండిని కాదని మొదలైన సమ్మె విశాఖ దాకా పాకింది. దాన్ని రంగస్థలం పట్టించుకుంది. ఉత్పల్ దత్ 1965లో 'కల్లోల్' ఆడించాడు. ఆ ఏడే నిర్బంధానికి గురయ్యాడు.

మా అల్లూరు పక్కన ఇస్కపల్లిలో పడవ తోసే కుర్రాడు రేపు నౌకాదళంలో చేరితే, అతని తిండి, జీతం, ఇంటికి పంపే డబ్బు మన కథకుల్లో ఎవరికి కథావస్తువు?